కరెంటు వచ్చింది, వోల్టేజి రాలేదు
(జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల విద్యుత్ చరిత్ర)

మన పల్లెల్లో విద్యుత్తుకు సంబంధించిన సమస్తమూ ‘కరెంటు’ అనే ఒక్క మాటలో ఇమిడిపోయింది. దీపం వెలిగితే కరెంటు వచ్చినట్టు, ఆరితే పోయినట్టు. తీగ తగిలితే కరెంటు కొట్టినట్టు. నెలకోసారి ఇంటికి వచ్చేది కరెంటు బిల్లు. ఇంగ్లీషులో ఆ మాటకు ప్రవాహం అని అర్థం. ప్రవాహం ఊరికే పుట్టదు. దాన్ని నడిపించే తేడా ఒకటి ఉండాలి. ఆ తేడాను బడి పుస్తకాల్లో పొటెన్షియల్ భేదం అన్నారు. వాడుకలో దాన్నే వోల్టేజి అంటున్నాము.

పాత వరంగల్ జిల్లాలో ఉండి 2016 అక్టోబర్ 11న వేరు జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల గత అరవై ఏళ్ల కథను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. స్తంభాలు, తీగలు ముందు వచ్చాయి. వాటి చివరిదాకా సరియైన వోల్టేజి రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో ఎన్ని మోటార్లు కాలినవో, ఎన్ని పంటలు ఎండినవో మన తరం వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఎందుకు కాలినవో మాత్రం మనలో చాలామంది ఆలోచించలేదు. అది అంతుపట్టని శాస్త్రమేమీ కాదు. కూడిక, గుణకారం వచ్చిన వారందరికీ అర్థమయ్యే లెక్కే.

తూము, కాలువ, చివరి పొలం

ఘనపురం మండలంలో కోటగుళ్ల దగ్గర కాకతీయుల నాటి గణపసముద్రం చెరువు ఉన్నది. చెరువులో నీటి మట్టం పొలం కంటె ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు తేడా వల్లనే తూము తెరవగానే నీరు పారుతుంది. చెరువు, పొలం ఒకే మట్టంలో ఉంటే ఎంత నీరున్నా పారదు. విద్యుత్తులో ఈ ఎత్తు తేడా వంటిదే పొటెన్షియల్ భేదం. దాన్ని వోల్టులలో కొలుస్తారు. కాలువలో పారే నీటి వంటిది విద్యుత్ ప్రవాహం. దాని కొలత ఆంపియర్. కాలువలోని తుంగ, పూడిక, ఇరుకు వంటిది తీగ నిరోధం. దాని కొలత ఓం.

ఇక నాలుగవది విద్యుత్ సామర్థ్యం. ఒక సెకనులో ఎంత పని జరుగుతున్నది అన్నదే సామర్థ్యం. దాని కొలత వాటు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఎత్తు నుంచి పడే నీరు ఎంత ఎత్తు నుంచి, ఎంత మొత్తంలో పడుతున్నదో రెండూ కలిస్తేనే మర తిరుగుతుంది కదా, ఇదీ అంతే. వెయ్యి వాట్ల సామర్థ్యాన్ని ఒక గంట వాడితే ఒక యూనిట్. మన బిల్లులో లెక్క కట్టేది దాన్నే.

ఈ కొలతల పేర్ల వెనుక మనుషులున్నారు. ఇటలీకి చెందిన వోల్టా 1800లో మొదటి బ్యాటరీని లోకానికి తెలిపాడు. జర్మనీలో ఓం అనే ఉపాధ్యాయుడు 1827లో వోల్టేజికి, ప్రవాహానికి, నిరోధానికి ఉన్న సంబంధాన్ని ప్రకటించాడు. నిరోధం మారనంతవరకు వోల్టేజి రెట్టింపైతే ప్రవాహం రెట్టింపవుతుంది. ఇంగ్లాండులో జౌల్ అనే ఆయన 1840 దశకం మొదట్లో తీగలో పుట్టే వేడిని కొలిచాడు. ప్రవాహం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుందని, మూడింతలైతే తొమ్మిదింతలవుతుందని తేల్చాడు. మన ఊళ్లలో కాలిన మోటార్లన్నిటి వెనుక ఉన్న సూత్రం ఇదే కనుక పాఠకులు దీన్ని గుర్తుంచుకోవాలని మనవి.

‘భేదం’ అన్న మాటను కూడా మరువరాదు. మానుకోట స్టేషనులో రైలు పట్టాల మీదుగా పోయే తీగలో 25 వేల వోల్టులుంటాయి. ఆ తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాదు. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, రెంటి మధ్య తేడా లేదు. మనిషి నేల మీద నిలబడి తీగకు దగ్గరగా పోతే తీగకు నేలకు మధ్య ఉన్న తేడా అంతా అతని దేహం గుండా పోతుంది. ప్రాణం తీసేది తీగ కాదు, తేడా.

ఎడిసన్‌కు ఎదురైన చిక్కు

1882 సెప్టెంబర్ 4న ఎడిసన్ న్యూయార్కు నగరంలో పెర్ల్ స్ట్రీట్ అనే వీధి నుంచి ఇండ్లకు విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టాడు. 110 వోల్టుల నేరు విద్యుత్తు అది. దీపాలు బాగానే వెలిగాయి. కాని కేంద్రం నుంచి మైలు దూరం దాటితే వోల్టేజి పడిపోయేది. దూరం పంపాలంటే లావు రాగి తీగలు వేయాలి, వాటి ఖర్చు తట్టుకోలేము. అందుచేత ప్రతి పేటకు ఒక విద్యుత్ కేంద్రం పెట్టవలసిన పరిస్థితి.

దీనికి పరిష్కారం 1885లో హంగరీ ఇంజనీర్లు ముగ్గురు రూపొందించిన ట్రాన్స్‌ఫార్మర్‌తో దొరికింది. దిశ మార్చుకుంటూ పోయే ఏసీ విద్యుత్తు అయితే ట్రాన్స్‌ఫార్మర్ సాయంతో వోల్టేజిని ఒకచోట పెంచి, దూరం పంపి, మరొకచోట తగ్గించవచ్చు. 1891లో జర్మనీలో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం త్రీఫేజు విద్యుత్తు పంపి చూపించారు. మన దేశం కూడా ఎక్కువ కాలం ఆగలేదు. 1902లో మైసూరు సంస్థానంలోని శివనసముద్రం నుంచి దాదాపు 90 మైళ్ల దూరంలోని కోలారు బంగారు గనులకు 30 వేలకు పైబడిన వోల్టులతో విద్యుత్తు వెళ్లింది. తెలుగు, తమిళ కూలీలు బతుకుదెరువు కోసం పోయిన గనులు అవి.

ఎడిసన్‌కు 1882లో ఎదురైన చిక్కే మన రైతుకు వంద సంవత్సరాల తర్వాత ఎదురైంది. పరిష్కారం మాత్రం అప్పటికే లోకానికి తెలుసు. తెలిసిన పరిష్కారం మన పొలాల దాకా రావడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్నదే ఈ వ్యాసంలో అసలు ప్రశ్న.

కందిలి నుంచి స్తంభం దాకా

నిజాం పాలనలో విద్యుత్తు మొదట హైదరాబాదు నగరానికే పరిమితం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలసింది. మన పల్లెల్లో మాత్రం చాలాకాలం బుడ్డి దీపం, కందిలి, పెండ్లిండ్లకు గ్యాసు బత్తీ. బావుల మీద మోట. తర్వాత కొద్దిమంది మోతుబరుల బావుల మీద ఆయిలింజన్లు.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1966లో కొత్తగూడెంలో, 1971లో రామగుండంలో బోర్డు బొగ్గు విద్యుత్ కేంద్రాలు పనిచేయసాగాయి. 1970, 80 దశకాల్లో బోర్డుకు అధ్యక్షులుగా ఉన్న నార్ల తాతారావు గారి కాలంలో ఉత్పత్తి బాగా పెరిగింది. రామగుండంలోనే 1983లో జాతీయ సంస్థ ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలైంది. ఉత్పత్తి విషయంలో మన తెలంగాణ గోదావరి తీరం దేశానికే పెద్ద ఆసరా అయింది. నాటి కొత్తగూడెం పాత యూనిట్లు మూతపడి, వాటి చల్లార్చే గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. రామగుండం 62.5 మెగావాట్ల యూనిట్ కూడా అదే ఏడాది నిలిచిపోయింది. అంటే ఒక తరం యంత్రాలు మనతో పాటే రిటైరైనవి.

తీగలు పల్లెలకు చేర్చే పనికి 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి రుణాలు ఇప్పించింది. మరుసటి ఏడాది పొరుగున సిరిసిల్లలో సహకార విద్యుత్ సంఘమే ఏర్పడింది. ఒక్కో ఊరికి కరెంటు వచ్చిన రోజున పెద్ద మనుషులు కొబ్బరికాయలు కొట్టారు, పిల్లలు స్తంభం చుట్టూ తిరిగారు.

లెక్కల్లో ‘విద్యుదీకరణ జరిగిన గ్రామం’ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. చాలాకాలం అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం గ్రామ రెవెన్యూ సరిహద్దులో ఎక్కడో ఒకచోట, ఏ పనికైనా సరే విద్యుత్తు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. ఊరి చివర ఒక బావి మీద ఒక మోటారు నడిచినా సరిపోతుంది. కనీసం పదిశాతం ఇండ్లకు, బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లకు కరెంటు ఉండాలన్న షరతు 2004లో గాని రాలేదు. ఆ కొత్త నిర్వచనంలోనూ ఇంత వోల్టేజి ఉండాలన్న మాట లేదు. వోల్టేజి సంగతి 1956 నాటి విద్యుత్ నియమాల్లో ఉన్నది. ఇండ్లకు, మోటార్లకు ఇచ్చే సరఫరాలో ప్రకటించిన వోల్టేజికి ఆరు శాతం కంటె ఎక్కువ తేడా ఉండరాదన్నారు. నియమం ఉన్నది, కొలిచి చూసేవారు లేరు.

చివరి స్తంభం దగ్గర లెక్క

ఇప్పుడు పెన్సిలు, కాగితం తీసుకుందాము. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 240 వోల్టులున్నాయి. అక్కడి నుంచి కిలోమీటరు దూరంలో బావి ఉన్నది. పొలాలకు వేసిన సన్నరకం అల్యూమినియం తీగకు కిలోమీటరుకు సుమారు 1.4 ఓముల నిరోధం ఉంటుంది. ప్రవాహం పోవాలి, తిరిగి రావాలి కనుక రెండు తీగలకు కలిపి 2.8 ఓములు. ఆ తీగ మీద 20 ఆంపియర్లు పోతున్నాయి అనుకుందాము.

ఓం సూత్రం ప్రకారం తీగలోనే పడిపోయే వోల్టేజి 20 × 2.8 = 56 వోల్టులు. బావి దగ్గర మిగిలేది 184. ఆరు శాతం తేడా అనుకుంటే 226కు తగ్గరాదు. ఇక్కడ తేడా 23 శాతం దాటింది.

సామర్థ్యం లెక్క చూద్దాము. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చింది 240 × 20 = 4,800 వాట్లు. బావికి చేరింది 184 × 20 = 3,680 వాట్లు. మిగిలిన 1,120 వాట్లు దారిలో తీగను వేడి చేసి గాలిలో కలిసిపోయాయి. దీపావళి నాటి వరుస బల్బులను గుర్తు చేసుకోండి. ఒకదాని వెనుక ఒకటి కట్టిన బల్బులు ఉన్న వోల్టేజిని పంచుకుంటాయి. పొడుగాటి తీగ కూడా మన మోటారుకు ముందు వరుసలో కట్టిన ఒక పెద్ద బల్బు వంటిదే. తన వాటా తాను తీసుకున్న తర్వాతనే మనకు వదులుతుంది.

ఇప్పుడు అదే 4,800 వాట్లను అదే తీగ మీద 11 వేల వోల్టులతో పంపినట్టు లెక్క వేద్దాము. ప్రవాహం 0.44 ఆంపియరు మాత్రమే. తీగలో పడిపోయేది ఒక వోల్టు చిల్లర. వృథా అయ్యేది అర వాటు. ఒకచోట 1,120 వాట్లు, ఒకచోట అర వాటు. త్రీఫేజు లైనులో లెక్క కొంచెం మారుతుంది గాని నీతి అదే. వోల్టేజిని ఎక్కువగా ఉంచి వీలైనంత దూరం తీసుకుపోవాలి, వాడేచోటికి దగ్గరలో దించాలి.

వోల్టేజి తగ్గితే ఏమవుతుంది? 240 వోల్టుల 100 వాట్ల బల్బుకు 184 వోల్టులే అందితే దాదాపు 60 వాట్లే తీసుకుంటుంది. వెలుగు అంతకంటె ఎక్కువే తగ్గుతుంది. తీగ ఎర్రగా కనిపిస్తుంది గాని పుస్తకం కనిపించదు. బల్బుకు జరిగే నష్టం అంతటితో సరి.

మోటారు సంగతి వేరు. దానికి నీళ్లు తోడే బరువు తగ్గదు. పని అంతే ఉండి వోల్టేజి తగ్గినప్పుడు మోటారు ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. 240కి బదులు 184 వస్తే ప్రవాహం దాదాపు 30 శాతం పెరుగుతుంది. జౌల్ సూత్రం ప్రకారం చుట్ల వేడి ఒకటికి 1.7 రెట్లవుతుంది. ప్రవాహం పెరిగేసరికి లైనులో వోల్టేజి ఇంకా పడిపోతుంది. పడిపోయేసరికి మోటారు ఇంకా లాగుతుంది. ఇట్లా ఒకదానికొకటి తోడై చివరకు వార్నిష్ వాసన వస్తుంది. ఆగి ఉన్న మోటారు కదలడానికి కావలసిన ఊపు సైతం 60 శాతం లోపుకు పడిపోతుంది కనుక కొన్ని మోటార్లు తిరగకుండానే గుర్రుమని మూలిగి కాలిపోతాయి.

అర్జీల్లో కనిపించిన చరిత్ర

సమితులు ఉన్న రోజుల్లో ఒక సమితి కార్యాలయంలో గుమాస్తాగా నేను అర్జీలు రిజిస్టరులో ఎక్కించేవాడిని. మొదట్లో వచ్చిన అర్జీల్లో ‘మా ఊరికి కరెంటు ఇప్పించగలరు’ అని ఉండేది. కొన్నేండ్లకు మాట మారింది. ‘కరెంటు ఉన్నది గాని మోటారు ఎత్తుకుంటలేదు, పంట ఎండుతున్నది’ అని రాయసాగారు. రిజిస్టరులో రెండూ విద్యుత్తు అనే ఒకే శీర్షిక కింద పోయేవి. మొదటిది తీగ కోసం, రెండవది వోల్టేజి కోసం. మా కాగితాల్లో ఆ తేడాకు గడి లేదు.

ఆ తేడా ఎందుకు పెరిగిందంటే బావులు పెరిగాయి, లైన్లు పెరగలేదు. జనగామ ప్రాంతం రాతి నేల, వాన తక్కువ. చెరువులు నిండకపోతే బావే దిక్కు. బావులు ఎండగానే బోర్లు వచ్చాయి. ఇక్కడా ఒక చిన్న లెక్క ఉన్నది. సెకనుకు మూడు లీటర్ల నీటిని 12 మీటర్ల లోతు నుంచి ఎత్తడానికి సుమారు 350 వాట్లు చాలు. అంటే అర హార్స్‌పవర్, ఒక జత ఎద్దులు మోటతో చేయగలిగిన పని. అదే నీటిని 60 మీటర్ల బోరు నుంచి ఎత్తాలంటే 1,760 వాట్లు కావాలి. పంపులో, మోటారులో సగం వృథా పోతుందనుకుంటే 3,500 వాట్లు దాటుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కనుక ఇది ఐదు హార్స్‌పవర్ మోటారుకు దగ్గర. నీళ్లు ఎంత లోతుకు పోతే మోటారు అంత పెద్దదవుతుంది. మోటారు పెద్దదైన కొద్దీ లైను మీద ప్రవాహం పెరుగుతుంది. ప్రవాహం పెరిగిన కొద్దీ చివరి బావికి వోల్టేజి తగ్గుతుంది. భూగర్భ జలం, విద్యుత్తు వేరు వేరు సమస్యలు కావు.

దీనికి తోడు 1980 దశకం మొదట్లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పోయి, హార్స్‌పవర్‌కు ఏడాదికి ఇంత అనే శ్లాబు పద్ధతి వచ్చింది. రైతుకు అది ఊరటే. కాని వాట్లు కొలవడం ఆగిపోయింది. రేకు మీద మూడు అని, లోపల ఐదు హార్స్‌పవర్ ఉండే మోటార్లు మార్కెట్లోకి వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద కాగితంలో ఉన్న బరువు ఒకటి, నిజంగా పడుతున్న బరువు ఒకటి.

తర్వాత కోతల కాలం వచ్చింది. త్రీఫేజు కరెంటును విడతలుగా, సగం రాత్రివేళ ఇచ్చేవారు. అర్ధరాత్రి బావి దగ్గరకు పోయి పాము కాటుకు, షాకుకు ప్రాణాలు పోగొట్టుకున్నవారు మన పల్లెల్లో ఎందరో. ఆ బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది. ఒక రైతుకు అది తెలివైన పని. అందరు రైతులకు కలిపి చూస్తే అనర్థం. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటె ఐదారు రెట్ల ప్రవాహం లాగుతుంది. ఇరవై మోటార్లు ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. అది కాలితే రైతులు చందాలు వేసుకొని ట్రాక్టరు మీద పట్నం తీసుకుపోయేవారు. తిరిగి వచ్చేదాకా మడి నెర్రెలు బారేది. జనగామ, మానుకోట బజార్లలో మోటార్లకు వైండింగు చుట్టే దుకాణాలు కళకళలాడుతున్నాయంటే పల్లెల్లో వోల్టేజి లేదని అర్థం.

సంస్కరణలు, ఆందోళనలు

1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండుగా విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. 2000లో పంపిణీకి నాలుగు కంపెనీలు ఏర్పడినప్పుడు ఉత్తర మండల కంపెనీకి వరంగల్ కేంద్రమైంది. అదే సంవత్సరం చార్జీల పెంపు మీద రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద మొదటి సంతకం చేశారు.

ఈ వాదోపవాదాలన్నీ ఎక్కువగా ధర చుట్టూ, గంటల చుట్టూ తిరిగాయి. రైతుకు అవి రెండూ ముఖ్యమే. కాని ఉచితంగా వచ్చిన 180 వోల్టులు కూడా మోటారును కాలుస్తాయి. ఏడు గంటలు వచ్చినా, తొమ్మిది గంటలు వచ్చినా కాలుస్తాయి.

దీపం కింద చీకటి

భూపాలపల్లి ప్రాంతం బొగ్గు గనుల నేల. ఘనపురం మండలం చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసింది. 2010లో 500 మెగావాట్ల మొదటి యూనిట్, 2016లో 600 మెగావాట్ల రెండవ యూనిట్ ఉత్పత్తికి వచ్చాయి. రెండూ కలిపి 1,100 మెగావాట్లు. అంటే ఐదు హార్స్‌పవర్ మోటార్ల లెక్కన చూస్తే దాదాపు మూడు లక్షల మోటార్లకు సరిపడే సామర్థ్యం.

కేంద్రం మన జిల్లాలోనే ఉన్నది కనుక మనకు వోల్టేజి బాగా వస్తుందని చాలామంది ఆశించారు. అట్లా జరగదు. జనరేటరులో ఇరవై వేల వోల్టులకు పైన పుట్టిన విద్యుత్తును అక్కడే నాలుగు లక్షల వోల్టులకు పెంచి పెద్ద లైన్ల మీదికి ఎక్కిస్తారు. అది రాష్ట్రమంతటి ఉమ్మడి చెరువులో కలుస్తుంది. తిరిగి 132 వేలు, 33 వేలు, 11 వేల వోల్టుల మెట్లు దిగి ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు వస్తుంది. చిమ్నీ నీడలో ఉన్న పొలానికైనా, వంద కిలోమీటర్ల అవతల జనగామ పొలానికైనా వచ్చే దారి అదే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బావి దాకా లైను పొడుగ్గా ఉంటే రెండుచోట్లా వోల్టేజి పడిపోవలసిందే. దీపం కింద చీకటి అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

దేశంలో ఉత్పత్తి పెరిగినా మనకు చేరడానికి మరో అడ్డు ఉండేది. దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్ మధ్య ఏడు లక్షల అరవై ఐదు వేల వోల్టుల లైనుతో ఆ కలయిక జరిగింది. పై మెట్లన్నీ ఇట్లా ఒక్కొక్కటిగా సరిపడ్డాయి.

చివరి మెట్టు

మిగిలింది కింది మెట్టు. ఒక పెద్ద 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి కిలోమీటర్ల కొద్దీ చిన్న వోల్టేజి తీగలు లాగడం పాత పద్ధతి. దానికి బదులు 11 వేల వోల్టుల లైనునే పొలాల్లోకి తీసుకుపోయి, ఇద్దరు ముగ్గురు రైతులకు ఒకటి చొప్పున 15, 25 కె.వి.ఎ. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం కొత్త పద్ధతి. దీన్ని ఎక్కువ వోల్టేజి పంపిణీ విధానం అంటారు. 2000 తర్వాతి దశకంలో ఇది మన ప్రాంతంలో విస్తరించింది. పైన వేసుకున్న 1,120 వాట్లు, అర వాటు లెక్కను స్తంభాల మీద అమలు చేయడమే ఇది. 1885 నాటి సూత్రం చివరి పొలానికి చేరింది అప్పుడు.

దీనిలో మరొక మేలు ఉన్నది. ట్రాన్స్‌ఫార్మర్ ఇరవై మందిది అయితే ఎవరిదీ కాదు. ముగ్గురిది అయితే ముగ్గురూ కాపాడుకుంటారు. ఎవరు పెద్ద మోటారు పెట్టినా మిగతా ఇద్దరికీ తెలుస్తుంది.

తెలంగాణ ఏర్పడిన తర్వాత 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. దానికి ముందు ఊరూరా ఆటోమేటిక్ స్టార్టర్లు తీసివేయించే ప్రయత్నం జరిగింది. కరెంటు ఎప్పుడూ ఉంటే అందరూ ఒకే క్షణంలో మోటారు వేయవలసిన అవసరం లేదు. బరువు రోజంతా పరుచుకుంటుంది, తీగ మీద ప్రవాహం తగ్గుతుంది, వోల్టేజి నిలబడుతుంది. అయితే రాత్రింబగళ్లు మోటారు నడిస్తే బోరులో నీళ్లు ఇంకా లోతుకు పోతాయి, మోటారు ఇంకా పెద్దది కావాలి. ముందు చెప్పిన చక్రం మళ్లీ మొదలు కాకుండా చూసుకోవలసింది మన పిల్లలే. చెరువు నిండితేనే ఈ లెక్క నిలుస్తుంది.

సభ్యులకు మనవి

మనలో చాలామంది పింఛను తీసుకుంటూ సొంత ఊరికి చేరి, తండ్రి తాతల నాటి బావిని చూసుకుంటున్నారు. అటువంటి వారు మూడు పనులు చేయవచ్చు. మోటారు కొనేటప్పుడు రేకు మీద అంకెను చూసి, అంతే సామర్థ్యానికి కనెక్షను రాయించుకోవాలి. స్టార్టరు పక్కన వోల్టు మీటరు పెట్టుకోవాలి. రెండు ఫేజుల మధ్య 415 ఉండవలసిన చోట 350 చూపిస్తే మోటారు వేయకుండా ఆగాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ‘కరెంటు సరిగా లేదు’ అని కాకుండా ఏ తేదీన, ఏ గంటకు, ఏ స్తంభం దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నదో రాయాలి. అంకె ఉన్న అర్జీకి జవాబు చెప్పక తప్పదు. కార్యాలయాల్లో పనిచేసిన మనకు ఆ సంగతి తెలుసు.

ఇంకొక్క మాట. ఏ ఊరికి ఏ సంవత్సరం కరెంటు వచ్చిందో పాత రికార్డుల్లో దొరకవచ్చు. చివరి ఇంట్లో పిల్లవాడు చదువుకోగలిగినంత వెలుతురు ఏ సంవత్సరం వచ్చిందో, చివరి బావి మీద మోటారు కాలకుండా ఒక కారు మొత్తం ఏ సంవత్సరం నడిచిందో ఏ రికార్డులోనూ లేదు. అది మన తరం జ్ఞాపకాల్లో మాత్రమే ఉన్నది. సభ్యులు తమ తమ ఊళ్ల వివరాలు ఒక పేజీ రాసి సంఘ కార్యాలయానికి పంపితే రాబోయే సంచికల్లో ఊరి పేరుతో ప్రచురించుకోవచ్చు.